అయిదువందల పన్నెండో పోగు

ఆ శ్రావణంలో మా బాపు ఒక కాగితం మీద సంతకం పెట్టనన్నాడు. పెట్టి ఉంటే నిమిషంలో అయిపోయేది. పెట్టనందుకు మూడు వారాలు ఇంట్లో కూర్చున్నాడు. సూరత్‌లో సాంచాలు, అంటే మరమగ్గాలు, నడపడం మొదలుపెట్టి ముప్పై ఒక్క ఏళ్లయిన మనిషి వరసగా మూడు రోజులు ఇంట్లో ఉండటం నేను పుట్టాక ఎప్పుడూ చూడలేదు. అలాంటివాడు పొద్దున్నే స్నానం చేసి, తల దువ్వుకుని, లింబాయత్‌లోని మా రెండు గదుల ఇంటి గడప దగ్గర కుర్చీ వేసుకుని, వానలో తడుస్తూ పోయే ప్రతి మనిషినీ 'నువ్వు గూడ ఏమన్న అంటవా?' అన్నట్టు చూస్తుండేవాడు.

కాగితంలో హిందీలో రెండే వాక్యాలు. నా గఫ్లత్ వల్ల, అంటే అజాగ్రత్త వల్ల, పదకొండు తాకాలు ఖరాబయ్యాయి, మాఫ్ చెయ్యండి. తాకా అంటే మరమగ్గం మీంచి కోసి దించిన బట్ట చుట్ట. ఆ పదకొండు చుట్టల్లోనూ చీర మీది పువ్వు ఒక్కచోట తెగి, అడ్డంగా వెంట్రుకంత గీత పడింది. బట్ట కొనే రింగ్ రోడ్ వ్యాపారి అన్నింటినీ తిప్పి పంపాడు.

మన్సుఖ్ సేఠ్ కార్ఖానాలో నలభై ఎనిమిది సాంచాలుంటే, తప్పు వచ్చినవి ఆరే ఆరు. పగటి పాళీలో ఆ ఆరూ బాపు చూస్తాడు, రాత్రి పాళీలో కనకయ్య మామ చూస్తాడు. పువ్వులు తీసే కొత్త కంప్యూటర్ పెట్టెలు బిగించింది వాటికే. పని తెలిసినవాడని బాపు వరసనే ముందు ఎంచుకున్నారు. ఆ పెట్టెలు చేసేది నేను పనిచేసే ఉధనాలోని చిన్న కంపెనీ. వాటిలో నడిచే ప్రోగ్రామ్ రాసింది నేను. బిగించిన రోజు మా అమ్మ భాగ్యలక్ష్మి బాపు చేతికి కుంకుమ పొట్లం ఇచ్చి ఆరింటికీ బొట్లు పెట్టించింది. మా హారతి చేసింది అని గల్లీలో చెప్పని ఇల్లు లేదు.

నాకు ఆదివారం సెలవు, సాంచాలకు లేదు. ఆ ఆదివారం బాపు టిఫిన్ డబ్బా విప్పకుండానే పదకొండింటికి ఇంటికొచ్చాడు.

"ఇంత జల్ది ఒచ్చినవేంది?" అంది అమ్మ.

"ఎల్లగొట్టిండు."

"ఎవలు?"

"ఎవలేంది, సేఠ్. నేను నిద్రవోయిన్నట. పేక తెగినంక డిజైన్ ఎనుకకు తిప్పుడు మర్శిన్నట. రాసిన కాగితం ముందలవెట్టి సంతకం వెట్టమన్నడు. వెట్ట అన్న."

పేక అంటే అడ్డంగా పోయే పోగు. అది తెగితే సాంచా ఆగిపోతుంది. నేసేవాడు సాంచాను ఒక్క అడుగు వెనక్కి తిప్పి, పువ్వు డిజైన్‌ను కూడా ఒక్క గీత వెనక్కి తిప్పుకోవాలి. అది మరిచిపోతే పువ్వు తెగుతుంది. కొత్తగా చేరినవాడు మొదటి వారంలో చేసే తప్పు అది. బాపుకు ఆ తప్పు అంటగట్టడమంటే మా అమ్మకు బియ్యం కడగడం రాదనడం లాంటిది.

"సేఠ్ ఏమంటున్నడు మరి? వెట్టకపోతే?"

"మాకు పని చూపే ముకాద్దం నా ఫోటో తీసిండు. ఆ లైన్ల సేఠ్‌లందరికి వాట్సాప్ గ్రూప్ ఉన్నదంట. అండ్ల ఏసిండు. ఈ తెలుగాయనను పనిల వెట్టుకోకుండ్రి అని."

అమ్మ టిఫిన్ డబ్బా తీసుకుని లోపలికి పోయింది. అన్నం పళ్లెంలో వేసి తెచ్చి బాపు ముందు పెట్టింది. "తిను. కోపం ఖాళీ కడుపుల నిలువది" అంది. బాపు తిన్నాడు. మా ఇంట్లో ఏడ్చే అలవాటు తక్కువ.

సాయంత్రం కనకయ్య మామ వచ్చాడు. ఆయన అప్పటికే ఆ కాగితం మీద సంతకం పెట్టేశాడు. పదకొండులో నాలుగు చుట్టలు ఆయన పాళీలోవి. గడప బయట గొడుగు మూసి, నిలబడే మాట్లాడాడు.

"బావా, నేను వెట్టలేదా? నాకేమన్న చేతులిరిగినయా? గోటితోని పొయ్యేదానికి గొడ్డలెందుకే?"

"నువ్వు నిద్రవోయినవా కనకయ్యా?"

"లే."

"మరెందుకు వెట్టినవ్?"

కనకయ్య మామ గొడుగు మళ్లీ విప్పుకున్నాడు. "నీకు బిడ్డ నౌకరి చేస్తున్నది, నువ్వు మాట్లాడుతవ్" అని వెళ్లిపోయాడు.

ఇక్కడ నేను చేసిన పనులు రెండు చెప్పాలి. చెప్పడానికి ఇష్టం లేదు, అయినా చెబుతాను.

బాపును పంపేయడానికి వారం ముందు సేఠ్ ఆ పాడైన బట్ట ముక్కలు రెండు మా ఆఫీసుకు పంపాడు, పెట్టె సరిగ్గా ఉందో లేదో చూడమని. నేను ఒక పెట్టెను మూడు రోజులు ఆపకుండా నడిపాను. ఒక్క గీత తప్పలేదు. 'పెట్టెలో లోపం లేదు' అని రిపోర్ట్ రాసి కింద సంతకం చేశాను. రాత్రి పాళీలో కనకయ్య మామ కునుకు తీసుంటాడని నాలో నేను నవ్వుకున్నాను కూడా. ఆ రిపోర్ట్ పట్టుకునే సేఠ్ తప్పు నేసేవాళ్లదని తేల్చాడు. బాపు పెట్టనన్న సంతకం ఒకటి, నేను ఆలోచించకుండా గీకిన సంతకం ఇంకొకటి.

రెండోది ఇంకా సిగ్గుచేటు. ఆ ఆదివారం సాయంత్రం నేనే బాపు పక్కన కూర్చుని, "బాపూ, జర యాది చేసుకో. ఒక్కసారన్న కండ్లు మూతవడ్డయేమో" అన్నాను.

బాపు నా వైపు చూశాడు. తిట్టి ఉంటే బాగుండేది. "కంపెనోళ్ల లెక్కనే మాట్లాడుతున్నవ్ బిడ్డా" అని మాత్రం అన్నాడు. తర్వాత రెండు వారాల పైగా నాతో మంచినీళ్లు అడగడానికి తప్ప మాట్లాడలేదు.

మూడో వారం చివర శుక్రవారం తనే అడిగాడు. "మీ ఆఫీసుల ఆ బట్ట ముక్కలున్నయన్నవ్ గదా. తెస్తవా?"

మర్నాడు శనివారం. సగం రోజే ఆఫీసు. ముక్కలు తెచ్చి ఇచ్చాను. బాపు గడప దగ్గర వెలుతురులో కుర్చీ వేసుకుని, పోగులు లెక్కపెట్టే భూతద్దం తీసుకుని, మొదటి ముక్క మోకాళ్ల మీద పరుచుకున్నాడు. చాలాసేపు చూసి నన్ను పిలిచాడు.

"ఇగ సూడు. సాంచా ఆగితే బట్ట మీద నిలుపు గీత పడ్తది. పోగులు జర దగ్గరికొస్తయ్, ఎంత మొనగాడు నేసినా పడ్తది. ఇక్కడున్నదా?"

లేదు. భూతద్దంలో నాకు కూడా కనిపించింది. పోగులన్నీ ఒకే దూరంలో ఉన్నాయి.

"అంటే పేక తెగలే. సాంచా ఆగలే. ఆగనప్పుడు ఎనుకకు తిప్పేదేంది, మర్శేదేంది?" బాపు గొంతులో రెండు వారాల తర్వాత ఉత్సాహం వినిపించింది. "ఇంకోటి సూడు. ఈ గీత ఉన్నదే, కుడిదిక్కు కొత్త పువ్వుది. ఎడమదిక్కు ఎనుకటి గీతనే మల్లొచ్చింది. సగం పాతది, సగం కొత్తది. మనిషి తప్పు చేస్తే మొత్తం గీత తప్పుతది. ఇది ఇద్దరు కలిసి నేసినట్టున్నది."

నేను భూతద్దం అందుకుని ఆ గీత మీదికి వంగాను. "ఏడ మారుతున్నది? పాతది ఏడ ఒడిశి కొత్తది ఏడ మొదలైతున్నది?" అన్నాను.

"లెక్కవెట్టాలె."

సూది మొన తీసుకుని ఎడమ అంచున మొదటి పువ్వు పోగు నుంచి మొదలుపెట్టాడు. యాభై కాగానే గోడ మీద సుద్దముక్కతో ఒక గీత. వాన ఆగింది, మళ్లీ మొదలైంది. అమ్మ చాయ్ పెట్టి తెచ్చింది, చల్లారిపోయింది. ఒకసారి పక్కింటి పిల్ల పలకరిస్తే లెక్క తప్పి, తిట్టుకుని, మళ్లీ మొదటినుంచి పెట్టాడు. గంటన్నరకు తలెత్తాడు.

"అయిదువందల పన్నెండు."

నేను చటుక్కున రెండో ముక్క అందుకున్నాను.

"ఏమైంది?"

"ఇంకో ముక్క లెక్కవెట్టు బాపూ."

ఇంకో ముక్కకు దాదాపు మూడు గంటలు పట్టింది. నేను కదలకుండా పక్కనే ఉన్నాను. అది ఏ లెక్కన వస్తుందో నాకు ముందే తెలుసు, తెలుసని బాపుకు చెప్పలేదు. గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టు నా చేతులు ఊరికే ఉండటం లేదు.

"వెయ్యిన్ని ఇరవై నాలుగు" అన్నాడు బాపు, కళ్లు నులుముకుంటూ.

ఈ అంకెలు నేసేవాళ్లవి కావు. మావి. ఆ పెట్టెలోని చిప్‌లో నాలుగు బుర్రలుంటాయి, వాటిని కోర్లు అంటారు. బుర్రలు నాలుగైనా జ్ఞాపకం ఒకటే, ఉమ్మడిది. అందులోంచి ఏది తీసుకున్నా, ఏది పెట్టినా అరవై నాలుగు బైట్ల కట్టగా తీసుకుంటాయి, పెడతాయి. ఒక్కో బైట్ ఎనిమిది పోగులకు ఎత్తాలో దించాలో చెబుతుంది. అరవై నాలుగు ఎనిమిదులు అయిదువందల పన్నెండు, రెండు కట్టలైతే వెయ్యిన్ని ఇరవై నాలుగు. పాత గీత, కొత్త గీత సరిగ్గా కట్ట అంచున అతుక్కున్నాయంటే, అది మనిషి చెయ్యి కాదు. ఆ ఉమ్మడి జ్ఞాపకంలో ఒక కోర్ రాయడం పూర్తికాకముందే ఇంకో కోర్ చదివేసింది.

అలా చదవకుండా పాత పెట్టెలో ఒక తాళం ఉండేది. రాసేవాడు తాళం వేసి, రాసి, తీస్తాడు. అప్పటిదాకా చదివేవాడు ఆగుతాడు. దానివల్ల వేగం తగ్గుతోందని మా యజమాని జిగర్ భాయ్ గొణుగుతుంటే, తాళం పీకేసి దాని బదులు ఒక జెండా పెట్టాను. గీత రాశాక జెండా ఎత్తు, జెండా కనిపించాక గీత చదువు. పాత చిప్‌లో అది చాలు. ముందు రాసింది ముందే కనిపిస్తుంది. కొత్త పెట్టెలోని చౌక చిప్‌కు ఆ నియమం లేదు. ఒక్కోసారి గీతలో సగం దారిలో ఉండగానే జెండా అవతలివాడికి కనిపిస్తుంది. 'ఇక్కడ ఆగు, ముందుది చేరాకే తర్వాతది' అని రాసేచోట ఒక పంక్తి, చదివేచోట ఒక పంక్తి మనమే రాయాలి. ఆ రెండు పంక్తులు నేను రాయలేదు.

బాపుకు చెప్పాను. చిప్ గురించి ఎలా చెప్పాలో తెలియక తడబడుతుంటే మధ్యలోనే అందుకున్నాడు.

"కొత్త పడుగు భీముకు పోగులెక్కిచ్చేటప్పుడు ఇద్దరం కూసుంటం గదా. లోపలోడు పోగు అందియ్యాలె, బయటోడు కొక్కెంతోని గుంజాలె. లోపలోడు 'ఉన్నది' అంటడు. పోగు కొక్కెం నోట్లె వడ్డంకనే ఆ మాట అనాలె. తొందరగాడు చెయ్యి ఇంక దారిలుండంగనే 'ఉన్నది' అంటడు. బయటోడు నమ్మి గుంజుతడు. పాత పోగే వస్తది. గిదే గదా?"

ఇదే. నాలుగేళ్ల చదువులో మా మాస్టర్లెవరూ ఇంత బాగా చెప్పలేదు.

"ఆ తొందరగాడు ఎవలు మరి?" అన్నాడు.

"నేనే బాపూ. ఆ పంక్తులు నావే. తప్పు నాది."

వంటింట్లో అమ్మ చేతిలో గరిటె ఆగింది. బాపు లేచాడు. చెప్పులేసుకుని, గొడుగు కూడా తీసుకోకుండా వానలోకి వెళ్లిపోయాడు. అరగంట నాకు చాలా పొడుగ్గా గడిచింది. నాకు భయం వేసింది, అంతకన్నా ఎక్కువ సిగ్గు వేసింది. కన్నతండ్రి మాట నమ్మకుండా నా మూడు రోజుల పరీక్షను నమ్మాను.

తడిసి ముద్దయి తిరిగొచ్చాడు. చేతిలో వేడివేడి లోచో పొట్లం. శనగపిండిది, సూరత్‌లో తప్ప ఎక్కడా దొరకదు. వండేటప్పుడు లోచా జరిగి, అంటే పని చెడి, పుట్టింది గనక దానికా పేరంటారు.

"లోచా చేసినవ్. లోచో తిను" అని నా ముందు పెట్టాడు. "తిని, దీన్ని ఎట్ల రుజువు చేస్తవో చెప్పు."

అమ్మ అప్పుడు నోరు విప్పింది. "ఇంటి దొంగను ఈశ్వరుడు గూడ పట్టలేడంటరు. మీ బాపు పోగులు లెక్కవెట్టి పట్టిండు" అంది. ఏడుస్తూ తిన్నానో నవ్వుతూ తిన్నానో నాకు గుర్తులేదు.

సోమవారం ఆఫీసులో పెట్టెను మళ్లీ నడిపాను. ఈసారి తెలివిగా నడిపాను. మొదటిసారి రెండు కోర్లకే పని చెప్పి, మిగతా రెంటినీ ఖాళీగా ఉంచాను. కార్ఖానాలో అవి ఖాళీగా ఉండవు. తెర నడపాలి, ఫోన్‌కు కబురు పంపాలి. నాలుగూ పనిలో ఉండి ఒకే జ్ఞాపకం కోసం తోసుకుంటేనే జెండా ముందు, గీత వెనక అవుతుంది. నాలుగింటికీ పని పెట్టి, సాంచా లేకుండా వట్టి గీతలనే పూర్తి వేగంతో తోలాను. భోజనం వేళకు ఏడు తప్పులు. అన్నీ కట్ట అంచునే. ఆ రెండు పంక్తులు చేర్చి సాయంత్రం దాకా నడిపాను. ఒక్కటీ లేదు.

జిగర్ భాయ్‌ని పిలిచి చూపించాను. ఆయన చెడ్డవాడు కాదు, నాకు మొదటి ఉద్యోగం ఇచ్చినవాడు. చూసి రెండు చేతులూ తల మీద పెట్టుకున్నాడు.

"హారతిబెన్, నూటనలభై పెట్టెలు మార్కెట్లో ఉన్నాయి. ఈ మాట బయటికి పోతే మనల్ని ఎవడూ గుమ్మం ఎక్కనివ్వడు. ఛానామానా చేసెయ్. రెండు పంక్తులు కొత్త అప్‌డేట్‌లో పెట్టి పంపేద్దాం. ఏం మార్చామో చెప్పక్కర్లేదు."

ఛానామానా అంటే గుట్టుచప్పుడు కాకుండా. గుజరాతీలో నాకు నచ్చిన మాటే, ఆ రోజుదాకా.

"మా బాపు?"

"నేను మన్సుఖ్ సేఠ్‌తో మాట్లాడతాను. పెద్ద మనసు చేసుకుని మాఫ్ చెయ్యమంటాను. రేపే పనిలోకి తీసుకుంటాడు. సంతకం కూడా అక్కర్లేదు. సరేనా?"

నిజం చెబుతున్నాను, ఆశపడ్డాను. నా ఉద్యోగం ఉంటుంది, బాపు పని ఉంటుంది, అందరూ సుఖంగా ఉంటారు. ఇంటికొచ్చి అలాగే చెప్పాను. బాపు ఒంటికాలి మీద లేచాడు.

"మాఫ్ చేస్తడా? మాఫ్ ఎవడు అడిగిండు? తప్పు చేసినోడు గదా మాఫ్ అడిగేది! ఆయన మాఫ్ చేసి తీసుకున్నడంటే నేను నిద్రవోయినట్టే. నా ఫోటో నలభై మంది సేఠ్‌ల ఫోన్లల్ల ఉండంగ నేను తలొంచుకుని పోయి సాంచా ముందల నిలవడాల్నా? ఇంట్లనే కూసుంట."

"నౌకరి పోతది బాపూ. నాది."

బాపు నెమ్మదించాడు. "నీది నీ ఇష్టం బిడ్డా. చెప్పమని నేనన. నేను సంతకం వెట్టనన్నది నా గురించి. నువ్వు ఏం చేస్తవో నీ గురించి."

ఎంత పెద్ద మెలిక పెట్టాడో చూడండి! చెప్పమని ఉంటే తండ్రి మాట జవదాటలేక చెప్పానని జీవితాంతం చెప్పుకునేదాన్ని. ఆ వీలు కూడా ఇవ్వలేదు. మర్నాడు పొద్దున జిగర్ భాయ్‌కి మెసేజ్ పెట్టాను. ఎనిమిదింటికి మన్సుఖ్ సేఠ్ కార్ఖానాకు వెళ్తున్నాను, పెట్టె పట్టుకుని వెళ్తున్నాను, మీరూ రండి అని.

ఎనిమిదింటికి పాళీ మారుతుంది. వచ్చేవాళ్లు, పోయేవాళ్లు అందరూ ఉంటారు. నలభై ఎనిమిది సాంచాల మోతలో పక్కమనిషి మాట చెవిలో నోరు పెడితేనే వినబడుతుంది. సేఠ్ మాత్రం అద్దాల గదిలో ఉంటాడు. నేను, బాపు ఆ గదిలోకి వెళ్లేసరికి జిగర్ భాయ్ నాకంటే ముందే వచ్చి కూర్చుని ఉన్నాడు. నన్ను చూసి, వద్దన్నట్టు కళ్లతో సైగ చేశాడు.

నేను టేబుల్ మీద పెట్టె పెట్టి, లాప్‌టాప్ తగిలించి, పాత ప్రోగ్రామ్ నడిపాను. ఎర్ర గీతలు తెర మీద పడుతుంటే బట్ట ముక్క పక్కన పెట్టి చూపించాను. అయిదువందల పన్నెండు ఇక్కడ, అయిదువందల పన్నెండు అక్కడ. నా రిపోర్ట్ కూడా తెచ్చాను. దాని మీద 'ఇది తప్పు' అని రాసి, కింద మళ్లీ సంతకం చేసి ఇచ్చాను.

సేఠ్ వ్యాపారం తెలిసినవాడు, మూడు నిమిషాల్లో విషయం పట్టేశాడు. జిగర్ భాయ్ వైపు తిరిగి, "అంటే నీ డబ్బాదే లోచా" అన్నాడు.

జిగర్ భాయ్ లేచి నా లాప్‌టాప్ మూసి చంకలో పెట్టుకున్నాడు. అది కంపెనీదే లెండి. "రేపటినుంచి రావొద్దు" అన్నాడు. గొంతులో కోపం కంటే బాధే ఎక్కువ వినిపించింది. ఉద్యోగం పోయే క్షణం ఎలా ఉంటుందో అని నేను రాత్రంతా భయపడ్డాను. తీరా చూస్తే చేతులు తేలికయ్యాయి, అంతే.

"ఠీక్ హై. మూర్తీ, నువ్వు ఈరోజునుంచే పనిలోకి వచ్చెయ్. బాత్ ఖతమ్" అన్నాడు సేఠ్.

"ఫోటో?" అన్నాడు బాపు.

"డిలీట్ చేయిస్తాను."

"డిలీట్ చేస్తే చూసినోళ్ల కండ్లల్లకెంచి పోతదా సేఠ్? గ్రూప్‌ల ఏసిండ్రు. గ్రూప్‌లనే చెప్పుండ్రి, తప్పు నాది కాదని. కనకయ్యది గూడ కాదని."

బాపు హిందీ ముప్పై ఏళ్లయినా తెలుగులాగే ఉంటుంది, కానీ సేఠ్‌కు బాగానే అర్థమైంది. మొహం ఎర్రబడింది. నలభై మంది సేఠ్‌ల ముందు ఒక కారీగర్ కోసం నేను తప్పు ఒప్పుకోవాలా అన్నాడు. పని కావాలంటే చెయ్యి, లేదంటే పో అన్నాడు.

"పోత" అని బాపు తలుపు తీశాడు.

తలుపు తీయగానే మోత ఒక్కసారిగా లోపలికొచ్చింది. గది బయట కనకయ్య మామ నిలబడి ఉన్నాడు. పాళీ దిగినా ఇంటికి పోలేదు. తప్పు పెట్టెదని తేలినా సేఠ్ గ్రూప్‌లో చెప్పనంటున్నాడని బాపు ఆయన చెవిలో చెప్పాడు. రెండు మాటలే. కనకయ్య మామ నావైపు చూశాడు, సేఠ్ వైపు చూశాడు. చెయ్యని తప్పుకు సంతకం పెట్టిన చెయ్యి ఆయనది. మెల్లగా వెళ్లి, మూడు వారాలుగా బాపు బదులు ఎవరో నడుపుతున్న ఆ ఆరు సాంచాల్నీ ఆ చేత్తోనే ఒక్కొక్కటిగా ఆపేశాడు. తర్వాత పక్క వరసవాడి చెవిలో చెప్పాడు. వాడూ ఆపాడు. తెలుగువాళ్లు, ఒడియావాళ్లు, ఎవరి భాషలో వాళ్లు పక్కవాడికి చెప్పుకుంటూ పోయారు. చివరి సాంచా ఆగాక వాన చప్పుడు వినబడింది. ఆ షెడ్డుకు రేకుల కప్పు ఉందని నాకు అప్పుడే తెలిసింది.

ఎవరూ నినాదాలివ్వలేదు. ఊరికే నిలబడ్డారు. సేఠ్ గదిలోంచి బయటికొచ్చి, "క్యా హై?" అని అరిచాడు. అరవాల్సిన అవసరం లేదు, మామూలుగా అన్నా వినబడేది. దీపావళి సీజన్, సాంచాలు ఆగిన ప్రతి గంటా సేఠ్‌కు నష్టమే. సేఠ్ అయిదు నిమిషాలు అటూ ఇటూ తిరిగి, గోడ గడియారం చూసి, ఫోన్ తీశాడు. వాట్సాప్ గ్రూప్ తెరిచి, మాట రికార్డయ్యే బొమ్మ మీద బొటనవేలు పెట్టబోయి ఆగాడు.

"పూరా నామ్?" అన్నాడు బాపును. పదకొండేళ్లు పనిచేయించుకున్నవాడికి పూర్తి పేరు తెలియదు.

"లింగమూర్తి."

"గల్తీ లింగమూర్తిది కాదు, కనకయ్యది కాదు. మరి ఎవరిదని చెప్పాలి? ఎవరిదో ఒకరిదని చెప్పకపోతే ఎవడు నమ్ముతాడు?"

జిగర్ భాయ్ నేల చూపులు చూశాడు. బాపు గబగబా, "మిషన్దని చెప్పుండ్రి సేఠ్" అన్నాడు. మూడు వారాల్లో బాపు గొంతు మొదటిసారి బతిమాలినట్టుగా వినిపించింది. తన కోసం కాదు.

"మిషన్ది కాదు" అన్నాను. "నాది. నా పేరు చెప్పండి."

"తుమ్హారా నామ్?"

బాపు వద్దని తల ఊపుతున్నాడు. గుజరాత్‌లో బడిలో చేరిన రోజునుంచి పిల్లల పేరు పక్కన తండ్రి పేరు రాస్తారు. నా సర్టిఫికెట్లన్నింటి మీదా అలాగే ఉంది. అలాగే చెప్పాను.

సేఠ్ బొటనవేలు నొక్కిపట్టి, ఫోన్ నోటి దగ్గర పెట్టుకుని, పాఠం అప్పజెప్పినట్టు అన్నాడు. "ఆ పదకొండు తాకాల గల్తీ కనకయ్యది కాదు. లింగమూర్తిది కాదు. హారతి లింగమూర్తిది."

వేలు తీశాడు. మెసేజ్ వెళ్లిపోయింది.

ముందు కనకయ్య మామ, "అగో! మల్ల గదే పేరాయె!" అని పడీపడీ నవ్వాడు. షెడ్డంతా నవ్వింది. నాకూ నవ్వొచ్చింది, కళ్లలో నీళ్లూ వచ్చాయి.

బాపు మాత్రం నవ్వలేదు. ఆరింటిలో మొదటి సాంచా దగ్గరికి నడిచి, చేత్తో పోగుల మీద దుమ్ము దులిపి, నావైపు తిరిగాడు.

"ఇంటిపేరు గూడ చెప్పకపోయినవా బిడ్డా" అని బటన్ నొక్కాడు.